ఏ కొదవా లేదు

జొన్నలదిన్నె పేటలో ఉపదేశి లాజరు ముందు ఎవరూ ఏడ్చేవాళ్ళు కారు. ఆయన ఏడవనిచ్చేవాడు కాదు. గొడ్డు చచ్చినా, గుడిసె కాలినా, పైరు ఎండినా వెంటనే వచ్చేవాడు. కండువాతో మొహం తుడుచుకుని, "ముందు స్తోత్రం చెప్పమ్మా, తర్వాత మాట్లాడుదాం" అనేవాడు. స్తోత్రం చెప్పినాక ఇంక మాట్లాడడానికి ఏమీ మిగిలేది కాదు. అది ఆయన గొప్పతనమని పేటంతా అనుకునేది. ఆయన కూడా అనుకునేవాడు.

మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. పేటలోని చిన్న చర్చిలో వాక్యం చెప్పడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం ఆయన పని. ఆ పని ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. కరువు సంవత్సరాల్లో తన ఇంటి జొన్నలు తీసి పక్కింటి కుండలో పోశాడు. గత్తర, అంటే కలరా, తగిలిన ఇళ్ళలోకి ఎవరూ అడుగుపెట్టని దినాల్లో పోయి కూర్చున్నాడు. అప్పుడు ఆయన్ని నిలబెట్టింది స్తోత్రమే. తనను నిలబెట్టింది అందరినీ నిలబెట్టాలని పట్టుబట్టాడు, అంతే.

దానికి తోడు దొర మెప్పొకటి. మిషను దొర కర్నూలులో ఉండేవాడు, అప్పుడప్పుడు ఊళ్ళ మీదికి వచ్చేవాడు. ఏ కూటంలో మాట్లాడినా, "జొన్నలదిన్నె లాజరును చూడుడి, ఇన్నేండ్లలో నన్నేమియు అడుగలేదు" అనేవాడట. నందికొట్కూరు పోయివచ్చినవాళ్ళు ఆ సంగతి చెబితే లాజరు తల వంచుకునేవాడు. కానీ ఆ పూట సంగటి ఇంకో ముద్ద ఎక్కువ దిగేదని ఆయన భార్య దీనమ్మ అనేది.

ఆ బుధవారం పొద్దున లాజరు చర్చి గోడకు సున్నం కొడుతున్నాడు. మరుసటి రోజు దొర కడసారి వస్తున్నాడు. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పటినుంచి మిషను పనంతా టౌనులోకే మళ్ళింది. ముసలితనం పైబడి దొర స్వదేశం పోతున్నాడు. ఊరికీ పేటకూ మధ్య ఉన్న బంగళా తోటను ఊరి ఆసామి రామలింగప్పకు అమ్మేస్తున్నారు. బంగళా ఎప్పుడో పడిపోయింది, తోటలో నాలుగు వేపచెట్లూ ఒక బావీ మిగిలాయి. చర్చి పేటలోనే ఉంది కాబట్టి దానికి ఢోకా లేదు. ఇక మీదట దొర రాడు, తెలుగు అయ్యవారొకరు వస్తారు. మార్పు వచ్చినప్పుడు మొహం మాడ్చుకోవడం విశ్వాసుల లక్షణం కాదని లాజరు ఆదివారమే చెప్పాడు.

జనపనార కుంచె సున్నంలో ముంచి పైనుంచి కిందికి లాగుతూనే, ఎదుట కూర్చున్నవాళ్ళకు సాక్ష్యాలు ఒప్పజెప్పిస్తున్నాడు. దేవుడు తమకు చేసిన మేలు కూటంలో లేచి చెప్పడమే సాక్ష్యం. ఎవరు ముందు లేవాలో, ఎవరు ఏ మేలు చెప్పాలో ఆయనే పంచాడు. ముసలి అయ్యన్నకు జ్వరం తగ్గిన సంగతి. దీనమ్మకు కాన్పులో బతికిన సంగతి.

"కొదవ మాట ఎవరూ ఎత్తగూడదు" అన్నాడు. "దొర మనసు నిండుగా పోవల్ల."

అప్పుడే బసమ్మ నీళ్ళ కడవ చంకనెత్తుకుని వచ్చి నిలబడింది. చర్చి పుస్తకంలో ఆమె పేరు మార్త. పేటలో ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. లాజరుకు వరసకు మేనత్త. నలుగురిలో ఆయన్ని ఉపదేశయ్యా అంటుంది, కోపం వస్తే లాజరూ అంటుంది.

"ఉపదేశయ్యా, ఒక మాట."

"చెప్పత్తా. ఆడోళ్ళకు పాట బాగా వచ్చిందా?"

"పాట వస్తాదిలే. బాయి సంగతేంది?"

"ఏ బాయి?"

"ఏ బాయంటావేంది? మనకు ఎన్ని బాయిలుండాయి?"

లాజరు కుంచె ఆపలేదు. బంగళా తోటలోని బావి పెద్ద కరువులో తవ్వింది. అప్పటి దొర పూటకిన్ని జొన్నలని కొలిచి పేటవాళ్ళ చేతనే తవ్వించాడు. బసమ్మ అప్పటికి చిన్నపిల్ల, వాళ్ళమ్మ వెంట మట్టి తట్టలు మోసింది. ఊరి బావుల్లో పేటవాళ్ళు చేద వేయడానికి లేదు. వాగు చలికాలం దాటితే ఉత్త ఇసుక. పేటకు నీళ్ళంటే ఆ బావే.

"తోట రామలింగప్పదైతాంది. బాయి తోటలో ఉండాది. ఇంక మనం యాడ చేదుకోవల్ల?" అంది బసమ్మ.

"ఆడనే చేదుకుంటాం. రామలింగప్ప మంచోడే. దావన పొయ్యే గొడ్లకు తొట్టి కట్టించినోడు మనుషులకు నీళ్ళు ఇయ్యడా?"

"గొడ్డు మూతి పెడితే నీళ్ళు మైలపడవులే నాయనా. మన చేద పడితేనే పడేది."

కూర్చున్నవాళ్ళలో ఎవరో నవ్వబోయి మానుకున్నారు. లాజరు కుంచె కుండ మీద పెట్టి ఇటు తిరిగాడు. చెంపమీద సున్నం చుక్కలు పడి ఉన్నాయి.

"అత్తా, మనకోసం ఎండల్లో తిరిగి తిరిగి ముసలైన మనిషి. పొయ్యేటప్పుడు గూడా ఆయన ముందర చెయ్యి చాపి నిలబడదామా? ఇంతవరకు చూసిన దేవుడు ఇకముందు చూడడా?"

"చూస్తాడు. చూడడని నేనన్నానా? దొర ఉండంగనే దొరతో ఒక మాట అనమంటాండా. నువ్వు అనకపోతే నేనంటా."

"ఇది అపనమ్మకం" అన్నాడు లాజరు.

పేటలో అంతకు మించిన తిట్టు లేదు. బసమ్మ నోరు ఠక్కున మూతబడింది. కడవ ఒక చంకనుంచి ఇంకో చంకకు మార్చుకుంది. కొన్ని నీళ్ళు తొణికి కాళ్ళమీద పడ్డాయి. ఆమె వాటివైపే చూస్తూ నిలబడింది.

"రేపు సాక్ష్యానికి నువ్వు లేవొద్దులే" అన్నాడు ఆయన, గొంతు కొంచెం మెత్తన చేసి. "దొరకు నీళ్ళు కాంచే పని చూసుకో. అది గూడా సేవే."

బసమ్మ వెళ్ళిపోయింది. అంతసేపూ అక్కడే కూర్చుని మామిడాకులు దారానికి గుచ్చుతున్న దీనమ్మ తల ఎత్తింది.

"ఆమె అడిగిందాంట్లో తప్పేముండాది?"

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు లాజరు. మళ్ళీ కుంచె తీసుకుని, అప్పటికే సున్నం వేసిన చోటే ఇంకోసారి వేశాడు. బసమ్మ మాట మనసులో మెదిలింది. స్తోత్రం, స్తోత్రం అనుకున్నాడు. అది కూడా సద్దుమణిగింది.

*

పేటవాళ్ళు బేస్తవారం అనే ఆ గురువారం కూటం ఆయన కోరుకున్నట్టే జరిగింది. చర్చి నిండింది. సాక్ష్యాలన్నీ వరసలో నడిచాయి. అయ్యన్న తన జ్వరం సంగతి చెబుతూ మధ్యలో దారి తప్పి ఎద్దు సంగతిలోకి పోబోతే లాజరు దగ్గి సరిచేశాడు. ఒక్కరి కంట్లో తడి లేదు. తడి ఉన్నది దొర కంట్లోనే. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. ఇంత సంతోషముగా సాగనంపిన సంఘమును తాను చూడలేదన్నాడు. లాజరు తల వంచుకున్నాడు.

భోజనాలయ్యాక దొర ఒకసారి తోట తిరిగి చూస్తానన్నాడు. లాజరు వెంట నడిచాడు. వాళ్ళ వెనకాల రామలింగప్ప జీతగాడు చిన్న ఈరన్న వచ్చాడు. మర్నాడు హద్దు రాళ్ళు ఎక్కడెక్కడ పాతాలో గుర్తు చూసుకొమ్మని యజమాని పంపాడు. దొర ప్రతి వేపచెట్టు దగ్గరా ఆగాడు. చేతికర్రతో మానును తట్టి చూశాడు. బావి గట్టుకు కొంచెం ఇవతల నిలబడ్డాడు. గట్టుమీద బసమ్మ ఆయన స్నానానికే నీళ్ళు చేదుతోంది. గిలక కిర్రుమంటోంది.

"లాజరూ" అన్నాడు దొర. ఆయనది పుస్తకాల తెలుగు. "రేపు ఉదయమున రాళ్ళు పాతుదురు. పిమ్మట నేను నందికొట్కూరులో సంతకము చేయుదును. ఈ తోటలో మీ పేట కొరకు ఏదైనను విడిచి ఉంచవలెనా? ఒక మూలగాని, మరేదైననుగాని? ఈ దినమైతే చేయవచ్చును. రేపటి తరువాత నా చేతిలో ఉండదు."

గిలక చప్పుడు ఆగిపోయింది.

లాజరు అటు తిరగలేదు. తిరగకుండానే తెలిసింది, బసమ్మ తాడు పట్టుకుని తనవైపే చూస్తోందని. బాయి అనే మాట గొంతుదాకా వచ్చింది. నిజంగానే వచ్చింది. దొర మొహం చూశాడు. ఎండకు కందిపోయి, బడలిపోయి, మంచి మాట కోసం ఎదురుచూస్తున్న మొహం. ఇన్నేండ్లలో నన్నేమియు అడుగలేదు అని కూటాల్లో చెప్పిన మొహం. ఆఖరి రోజున ఆ పేరు పోగొట్టుకోవడానికి లాజరు మనసొప్పలేదు. అదీగాక, నోటికి అలవాటైన మాట ఒకటి ఎప్పుడూ ముందే కాచుకుని ఉండేది.

"ఏ కొదవా లేదు దొరగారూ" అన్నాడు. "దేవుడు అన్నీ ఇచ్చినాడు."

దొర ఆయన భుజంమీద చెయ్యి వేశాడు. "నీవట్లే చెప్పుదువని ఎరుగుదును" అన్నాడు. ఆయన మొహంలోంచి ఏదో బరువు దిగిపోయింది. ఇద్దరూ ముందుకు నడిచారు.

"దొరా" అని బసమ్మ పిలిచింది. పెద్దగా కాదు. దొరకు వినిపించలేదు. లాజరుకు వినిపించింది. ఉపదేశి మాట్లాడినాక ఆ మాటమీద ఇంకొకరు మాట్లాడడం పేటలో లేదు, అందులోనూ ఆడవాళ్ళు. లాజరు నడుస్తూనే చెయ్యి వెనక్కి పెట్టి అరచెయ్యి చూపించాడు, ఆగమని. ఆమె ఆగిపోయింది. కొంచెంసేపటికి చేద మళ్ళీ నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది.

*

శుక్రవారం పొద్దున్నే రాళ్ళు పాతారు. దొర అందరి చేతులూ పట్టుకుని, జీపెక్కి పోయాడు. ఆ సాయంత్రం కూడా పేట ఆడవాళ్ళు బావిలో నీళ్ళు చేదుకున్నారు. లాజరు దీనమ్మతో, "చూసినావా" అన్నాడు. దీనమ్మ కడవ దించుకుని లోపలికి పోయింది.

శనివారం తెల్లారి దీనమ్మ కడవతో పోయి, ఉత్త కడవతో తిరిగొచ్చింది.

"బాయి ఎత్తిపోస్తాండారు, రా" అంది.

లాజరు పోయేసరికి తోట చుట్టూ తుమ్మకంప సగందాకా పరిచి ఉంది. బావి గట్టుమీద చిన్న ఈరన్నా ఇంకొందరూ చేదలు వేసి తోడి తోడి నేలమీద పారబోస్తున్నారు. ఎండిన నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి ఉంది. నీళ్ళు పోసినవి పోసినట్టే ఆ నెర్రెల్లోకి దిగిపోతున్నాయి. గట్టు చుట్టూ పేడనీళ్ళు చల్లారు. కంపకు ఇవతల పేట ఆడవాళ్ళు కడవలు పట్టుకుని నిలబడి చూస్తున్నారు. ఎండాకాలంలో నీళ్ళు అలా నేలపాలు కావడం ఆ పేటలో ఎవరూ చూసి ఎరగరు.

"ఈరన్నా" అంది దీనమ్మ. "పారబోసే నీళ్ళే గదప్పా. మా కడవల్లో పొయ్యి."

ఈరన్న చేద పట్టుకుని ఒక క్షణం తటపటాయించాడు. "అయ్య ఉండాడు. నన్నడగొద్దక్కా" అని, తల తిప్పుకుని ఆ చేద కూడా నేలమీదే పోశాడు.

రామలింగప్ప వేపచెట్టు కింద నులకమంచంమీద కూర్చుని ఉన్నాడు. నోరు మంచిది, ఎవరిమీదా గొంతెత్తడు. లాజరును చూసి, "రాప్పా ఉపదేశీ. ఆడనే నిలబడు" అన్నాడు. కంపకు ఇవతల లాజరు నిలబడ్డాడు.

"అయ్యా, బాయి..."

"శుద్ధి చేపిస్తాండా. ఈడ శనక్కాయలు వొలిచే మిషను పెడతాండాలే. ఊరి కూలోళ్ళు వస్తారు, వాళ్ళు తాగల్ల గదా? మీరు చేదుకునే బాయిలో వాళ్ళు తాగరు. నాకు మీమీద కోపమేం లేదు."

"మా పెద్దోళ్ళు తవ్విన బాయయ్యా అది. ఇది లేకుంటే మాకు వాగే దిక్కు."

"కాదని ఎవురన్నారు? ఆ మాట దొరతో అనుంటే సరిపొయ్యేది గదా. రాళ్ళు పాతేముందు ఈ మూల వాళ్ళకు ఇడిసిపెట్టు రామలింగప్పా అని ఆయప్ప ఒక్క మాట అనుంటే, నేను ఆ పక్కన ఇంకొకటి తవ్విచ్చుకునేవాణ్ణి. ఆయప్ప నిన్ను అడిగినాడంట గదా?"

రామలింగప్ప గట్టువైపు తిరిగాడు.

"ఏం చెప్పినాడు ఈరన్నా?"

ఈరన్న చేద ఆపకుండానే, "ఏ కొదవా లేదన్నాడయ్యా" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. విన్నది చెప్పాడు.

"మరింకేం చెయ్యమంటావప్పా" అన్నాడు రామలింగప్ప. నిజంగానే అడిగాడు. పంచె దులుపుకుని లేచాడు. "కాయితాలైపోయినాయి. అందరిముందర శుద్ధి చేపిచ్చి మళ్ళా మిమ్మల్ని రమ్మంటే ఊరోళ్ళు నన్ను బతకనీరు."

ఆడవాళ్ళందరూ విన్నారు. లాజరువైపు ఒకసారి చూశారు, మళ్ళీ నేలలోకి దిగిపోతున్న నీళ్ళవైపు చూశారు. బసమ్మ అసలు చూడనే లేదు. ఆమె కడవ తలమీద బోర్లించుకుని అప్పటికే వాగువైపు నడుస్తోంది. ఆమె వెనక ఒకరూ, ఆ వెనక ఇంకొకరూ కదిలారు. వాళ్ళు తిట్టి ఉంటే బాగుండునని లాజరుకు అనిపించింది.

ఇంటికి పోకుండానే నందికొట్కూరు దావ పట్టి, అక్కడ బస్సెక్కి, కర్నూలు చేరాడు. ఊరంతా హడావుడిగా ఉంది. డేరాల్లో ఆఫీసులు, డేరాల ముందు జీపులు, చేతుల్లో కట్టలు పట్టుకుని పరుగెత్తే గుమాస్తాలు. బస్సులో పక్కన కూర్చున్నతను తనకు రాజధానిలో పని దొరకబోతోందని దారిపొడుగునా చెప్పాడు. లాజరు తల ఊపుతూ వచ్చాడు, ఒక్క మాటా చెవికెక్కలేదు.

దొర బంగళాలో పెట్టెలకు మేకులు కొడుతున్నారు. దొర మర్నాడు రైలెక్కుతాడు. లాజరును చూసి మొహం విప్పారింది. ఏమీ అడగకుండానే కూజాలోంచి గ్లాసెడు నీళ్ళు వంచి ఇచ్చాడు. లాజరుకు పొద్దుటినుంచి నోట్లో తడి లేదు. గడగడా తాగేశాడు. తాగినాక, పేటలో ఈ పాటికి ఎవరు ఏం తాగుతున్నారో గుర్తొచ్చి గ్లాసు కింద పెట్టలేక చేతిలోనే పట్టుకున్నాడు. జరిగింది చెప్పాడు.

దొర పెట్టెమీద కూర్చున్నాడు. మేకులు కొట్టేవాణ్ణి బయటికి పొమ్మన్నాడు.

"నేను నిన్ను అడిగితిని గదా లాజరూ."

"అడిగినారు."

"నీవు లేదంటివి."

"అవును దొరగారూ."

దొర తన చేతులు చూసుకున్నాడు. "ఆ బావిలో ఎవరు చేదుకొందురో నేనెరుగనా?" అన్నాడు. "అమ్మకమునకు ముందే ఆలోచింపవలసినది నేను. ఆలోచించితిని. రామలింగప్పతో వాదించుట కష్టమని, నిన్నడిగితిని. నీవు కొదవ లేదనగానే నాకు ఎంతో సుఖమాయెను. ఆ సుఖమే నాకు కావలసి ఉండెను కాబోలు."

దొర అలా మాట్లాడడం లాజరు ఎప్పుడూ వినలేదు. ఓదార్చాలనిపించింది. అంతా మేలుకే అనే మాట నాలుకమీదికి వచ్చింది కూడా. దాన్ని మింగేశాడు.

"ఇప్పుడేమన్నా చెయ్యొచ్చునా?"

"అతనిని బతిమాలవచ్చును. నేను పోవుచున్నాను, నా మాటకు ఇక విలువ ఏమి?" దొర నిట్టూర్చాడు. "ప్రార్థన చేయుదమా?"

ఎప్పుడూ ఇద్దరూ కలిస్తే లాజరే మొదలుపెట్టేవాడు. ఈసారి మొదలుపెట్టలేకపోయాడు. దొర ఒక్కడే చేశాడు. లాజరు కళ్ళు మూసుకోలేక, కిటికీలో పెట్టిన కూజావైపు చూస్తూ నిలబడ్డాడు.

*

ఆదివారం గంట కొట్టినా మగవాళ్ళే వచ్చారు. ఆడవాళ్ళు చీకటితోనే వాగుకు పోయారు. వాగు ఇసుకలో చేతులతో చెలమ తవ్వి, ఊట ఊరేదాకా కూర్చుని, కొబ్బరిచిప్పతో కొంచెం కొంచెం తోడి కడవ నింపుకోవాలి. చెలమలు తక్కువ, మనుషులెక్కువ. లాజరు రెండో గంట కొట్టలేదు. కొత్త సున్నం వాసన వేసే గోడకు ఆనుకుని వాకిలివైపు చూస్తూ ఎదురుచూశాడు.

పొద్దెక్కినాక ఒక్కొక్కరే వచ్చారు. కుచ్చెళ్ళు తడిసి ఇసుక అంటుకుని ఉన్నాయి. కడవలు బయట పెడితే మేకలు మూతి పెడతాయని లోపలికే తెచ్చుకుని గోడవార వరసగా పెట్టుకున్నారు. దీనమ్మ గోళ్ళలో ఇసుక ఉంది. చంటిబిడ్డ తల్లి ఒకామె కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతోంది. లాజరు వాళ్ళను పాట పాడమనలేదు.

సాక్ష్యాల వేళ అయింది. ఆయన లేచాడు. ఏండ్ల తరబడి ఆ చోట నిలబడ్డాడు గానీ ఎప్పుడూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడలేదు.

"బాయి పోయింది నావల్ల" అన్నాడు. "దొర అడిగినాడు. ఏ కొదవా లేదని చెప్పినా. దాన్ని సాక్ష్యమనుకున్నా. అది అబద్ధం. బసమ్మత్త చెప్పబోతే ఆపినా. ఈ పొద్దు ఎవరూ స్తోత్రం చెప్పొద్దు. మీకేం కొదవ ఉండాదో చెప్పండి. నన్ను తిట్టాలని ఉంటే తిట్టండి, వింటా."

పేట ముందు ఆయన తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి.

తలలు వంచుకుని నేలవైపు చూశారు. అయ్యన్న గోడ పట్టుకుని లేచాడు. ముసలాయన కళ్ళలో నీళ్ళున్నాయి.

"నువ్వు మనసు కష్టపెట్టుకోవద్దు ఉపదేశయ్యా" అన్నాడు. "దేవుని దయ వల్ల బాగుండాము. ఏ కొదవా లేదు."

కూర్చున్నాడు. చంటిబిడ్డ తల్లి లేచింది. పెదవులు పగిలి ఉన్నాయి. "స్తోత్రం. బాగుండాము" అంది. తర్వాత ఇంకొకరు. ఒక్కొక్కరే లేచారు, అదే మాట చెప్పారు, కూర్చున్నారు. ఒక్కరి గొంతులోనూ కోపం లేదు. తమకోసం కాదు, ఆయనకోసం చెబుతున్నారు. కష్టంలో ఉన్న మనిషికి ఏం చెప్పాలో ఆయన వాళ్ళకు నేర్పింది అదొక్కటే, దాన్నే ప్రేమతో తిరిగి ఇస్తున్నారు. లాజరుకు వద్దని అరవాలనిపించింది. గుండెలో ఉన్నది గుండెలోనే నొక్కేసినట్టయింది. ఇన్నేండ్లూ తాను స్తోత్రం చెప్పించిన ప్రతి ఇంట్లో, ప్రతి మనిషికీ ఇలాగే ఉండి ఉంటుందని అప్పుడు అర్థమైంది. ఆ ఇళ్ళన్నీ గుర్తొచ్చాయి. కొందరు ఇప్పుడు బతికి కూడా లేరు.

దీనమ్మ వంతు వచ్చింది. ఆమె లేచి, భర్త మొహం చూసి, ఏమీ చెప్పకుండా కూర్చుంది.

"నాకుండాది కొదవ" అంది బసమ్మ.

ఆమె అందరికన్నా వెనక, వాకిలి దగ్గర కూర్చుని ఉంది. లేచి, మోకాళ్ళు సరిచేసుకుంటూ, అందరి మధ్యనుంచి ముందుకు వచ్చింది. చేతులకింకా వాగు ఇసుక ఉంది.

"కూర్చో లాజరూ" అంది. "ప్రార్థన నేను చేస్తా."

ఆ చర్చిలో ఆడమనిషి గొంతెత్తి ప్రార్థన చేయడం అంతవరకూ లేదు. లాజరు పోయి మగవాళ్ళ వరసలో అయ్యన్న పక్కన నేలమీద కూర్చున్నాడు. బసమ్మ కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

"నాయనా, మాకు నీళ్ళు లేవు" అంది. "ఉన్న బాయి పాయ. మా అమ్మ తవ్విన బాయి. చెలమ తోడితే కడవ నిండేసరికి పొద్దెక్కుతాంది. నీకు తెలీక కాదు. అయినా చెప్తాండా. చెప్పకుండా ఉంటే ఏమైతాదో చూసినాం గదా. నీమీద మాకు నమ్మకం ఉండాది, అందుకే అడుగుతాండాం. నీళ్ళియ్యి. రేపు మేమందరం పొయ్యి రామలింగప్ప ముందర నిలబడతాం. ఆయప్ప మనసు తిప్పు. తిప్పకపోతే మేం తవ్వుకునేదానికి ఇంకో చోటు చూపియ్యి. మా లాజరుకు ఆడ అడిగే నోరియ్యి."

ఆగింది. ముగించిందనుకుని కొందరు ఆమేన్ అనబోయారు.

"ఆ నోరేదో బేస్తవారమే ఇచ్చుంటే బాగుండె నాయనా" అంది.

అందరూ ఆమేన్ అన్నారు. లాజరు నోట ఆ మాట వెంటనే రాలేదు. గొంతులన్నీ అణిగినాక, తల ఎత్తకుండా, ఒక్కడే అన్నాడు.